బడికి మధ్యాహ్నం పూట వెళ్ళాలి

మండల విద్యాధికారిగా నేను పనిచేసిన కాలంలో "మా పిల్లవాడి పట్ల వివక్ష చూపుతున్నారు" అని రాసిన అర్జీ నా బల్ల మీదికి ఎప్పుడో గానీ రాలేదు. వచ్చేవన్నీ వేరే మాటల్లో వచ్చేవి. "మావాడు ఈ బడికి పోనంటున్నాడు సార్, టీసీ ఇప్పిస్తే పక్కూళ్ళో చేర్చుకుంటాం." "వంటమ్మను మార్చండి, కూర నోట్లో పెట్టుకునేట్టు లేదు." "పాపకు కాళ్ళు సరిగా లేవని చేర్చుకోవడానికి వెనకాడుతున్నారు, మీరొక మాట చెప్పండి." మా ఆఫీసులో ఇవి మూడు వేర్వేరు ఫైళ్ళలోకి పోయేవి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గానీ అసలు సంగతి బయటపడదు.

మాది ప్రకాశం జిల్లా. సెకండరీ గ్రేడ్ టీచరుగా మొదలుపెట్టి, హైస్కూలు హెడ్మాస్టరునై, చివరికి ఎంఈఓ కుర్చీలో కూర్చున్నాను. ఊళ్ళ పేర్లు, బడుల పేర్లు ఇక్కడ రాయను. ఆ పిల్లల్లో కొందరు పెద్దవాళ్ళయ్యారు, ఆ ఊళ్ళలోనే బతుకుతున్నారు.

విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మాకిచ్చిన శిక్షణంతా గదులు, మరుగుదొడ్లు, ప్రహరీగోడ, ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు అన్న లెక్కల చుట్టూనే తిరిగింది. ఎనిమిదో సెక్షన్లో (సి) అని ఒక చిన్న ముక్క ఉంది. బలహీన వర్గాల పిల్లల మీద, వెనకబాటుకు గురైన వర్గాల పిల్లల మీద ఏ కారణంతోనూ వివక్ష చూపి వాళ్ళ చదువుకు అడ్డం పడకుండా ప్రభుత్వం చూడాలని దాని సారాంశం. శిక్షణలో దాన్ని ఒక్కసారి చదివి పేజీ తిప్పేశారు. దాని కింద కేంద్రం తయారుచేసిన మాదిరి నియమాలు మాత్రం ఇంకాస్త లోపలికి వెళ్ళాయి. తరగతి గదిలో, మధ్యాహ్న భోజనంలో, ఆటస్థలంలో, తాగునీళ్ళ దగ్గర, మరుగుదొడ్ల దగ్గర, ఆ మరుగుదొడ్లనూ గదులనూ శుభ్రం చేయించడంలో పిల్లలను వేరు చేసి చూడకూడదని అందులో రాశారు. ఆ వాక్యం రాసినవారెవరో గానీ మన బడిని బాగా ఎరిగినవారు. నేను దాన్ని తెలుగులో రాసుకుని డైరీ అట్ట లోపల అంటించుకున్నాను. తనిఖీకి వెళ్ళినప్పుడు నాకు పనికొచ్చింది ఆ వాక్యమే, జిల్లా ఆఫీసు పంపిన ప్రొఫార్మా కాదు.

ప్రార్థన వేళకు వెళ్తే ఏ బడైనా ముచ్చటగా ఉంటుంది. అందరూ ఒకే వరసలో, ఒకే యూనిఫారంలో నిలబడి ప్రతిజ్ఞ చెబుతుంటారు. అందుకని నేను మధ్యాహ్నం గంట కొట్టడానికి కాస్త ముందు వెళ్ళేవాణ్ణి. కంచాలు ఎవరు ముందు పట్టుకున్నారు, ఎవరు వరండా మీద కూర్చున్నారు, ఎవరు చెట్టు కిందికి పోయారు, ఎవరు ఇంటి నుంచి తెచ్చిన బాక్సు విప్పారు, బిందెలో గ్లాసు ముంచింది ఎవరు, పైనుంచి పోయించుకుని దోసిట్లో తాగింది ఎవరు. పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆ ఊరు ఎలా ఉంటుందో బడి చెప్పేస్తుంది.

మా ప్రాంతంలో "కాలనీ పిల్లలు", "ఊళ్ళో పిల్లలు" అంటారు. కులం పేరు ఎవరూ ఎత్తరు. "మా బడిలో అలాంటివేం లేవండి, వాళ్ళే అలా కూర్చుంటారు, నేనేం కూర్చోబెట్టలేదు" అని టీచర్లు చెప్పేవారు. చాలామంది అబద్ధం చెప్పేవారు కాదు. ఒక వీధి పిల్లలు కలిసి నడిచొస్తారు, కలిసి కూర్చుంటారు. టీచరు చేసిందల్లా చూసి ఊరుకోవడం. కానీ చట్టం ఎవరు కూర్చోబెట్టారని అడగడం లేదు, పిల్లలు విడిగా ఉన్నారా లేదా అని అడుగుతోంది. వారానికోసారి బల్లలు మార్చమని రాసి వచ్చేవాణ్ణి. ఖర్చు లేని పని. చేసిన బడుల్లో నెల తిరిగేసరికి ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు. చేయని బడుల్లో మాత్రం "తల్లిదండ్రులు ఒప్పుకోరు సార్" అనేవారు. ఏ తల్లిదండ్రులు, వచ్చి ఎప్పుడు చెప్పారు, ఏమని చెప్పారు, కాగితం మీద రాసివ్వండి అంటే ఒక్కరూ రాసిచ్చేవారు కాదు.

వంటమ్మ ఫైలు సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో వండిన భోజనం 2003లో మొదలైంది. వంటవాళ్ళను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో పీయూసీఎల్ కేసులో ఆదేశించింది. ఆ ఆదేశం ఉన్నట్టు మా హెడ్మాస్టర్లలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనట్టే ఉండేవారు. ఒక ఊళ్ళో వంట మాదిగ ఇంటి ఆమె చేతికి వచ్చింది. నెల తిరక్కుండానే అర్జీ వచ్చింది. కూరలో ఉప్పెక్కువ, చారు నీళ్ళలా ఉంది, వంటగది శుభ్రంగా లేదు. సంతకాలు మాత్రం పేజీ నిండా ఉన్నాయి.

వెళ్ళాను. తిన్నాను. ఉప్పు సరిపోయింది. చారు అన్ని బడుల్లో ఎంత పల్చనో అంతే పల్చన. భోజనం రిజిస్టరు తెప్పించి వరసగా చూశాను. మామూలు రోజుల్లో తిన్నవాళ్ళు సగం మంది. గుడ్డు పెట్టే రోజున మాత్రం దాదాపు అందరూ. పైపెంకు ఉన్న వస్తువుకు అంటు లేదన్నమాట! పిల్లలు అన్నం వద్దని గుడ్డు మాత్రం చేతిలోకి తీసుకుని చెట్టు కిందికి పోతున్నారు. కూర బాగాలేకపోతే గుడ్డు రోజున కూడా కూర అదేగా అని హెడ్మాస్టరుగారిని అడిగాను. ఆయన నవ్వి, "మీకు తెలియంది ఏముంది సార్" అన్నారు. ఆయన సూచించిన పరిష్కారం ఏమిటంటే, ఆమెను అంట్లు తోమడానికి మార్చి ఇంకొకామె చేత వండించడం. జీతం అంతే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు, ఊరు చల్లబడుతుంది. ఇలాంటి సర్దుబాటును మా శాఖలో "సామరస్యంగా పరిష్కరించబడినది" అని రాస్తారు. నేను గుడ్డు రోజుల అంకెలూ మిగతా రోజుల అంకెలూ రెండు వరసల్లో రాసి, ఫిర్యాదుకు వంటతో సంబంధం లేదని, మార్చడానికి కారణం లేదని రిపోర్టు పెట్టాను. ఆమెను మార్చలేదు. బాక్సులు చాలాకాలం వస్తూనే ఉన్నాయి. తర్వాత తర్వాత, పొద్దున్నే లేచి క్యారేజీ కట్టడం తల్లులకే విసుగెత్తి తగ్గాయి. ఊరు మారిందని నేననను.

ఊడ్పు సంగతి అంతకంటే కష్టం. చాలా బడుల్లో గోడ మీద పనుల పట్టిక ఉంటుంది, రోజుకొక గుంపు. పట్టిక చూస్తే అంతా సమానమే. అందుకని పిల్లలను "మీ బడిలో కులం చూస్తారా" అని ఎప్పుడూ అడగకూడదు. వాళ్ళు బిగుసుకుపోతారు, టీచరు మొహం చూస్తారు. "స్టాఫ్ రూములోకి మంచినీళ్ళు ఎవరు తెస్తారు? టీ ఎవరు తెస్తారు? దొడ్లో నీళ్ళు ఎవరు కొడతారు?" అని అడగాలి. నిమిషంలో పేర్లు చెబుతారు, ఏ మాత్రం దాచరు. తాగే నీళ్ళు తెచ్చే పేర్లు ఒక వీధివి, దొడ్లు కడిగే పేర్లు ఇంకో వీధివి. ఊడ్చేది ఆడపిల్లలు, అందులోనూ కొందరు ఆడపిల్లలు. ఇదంతా చెబుతున్నప్పుడు వాళ్ళకు అందులో ఏదో తప్పుందని తెలియనైనా తెలియదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అది.

హాజరు పట్టీ సంగతి కూడా అంతే. నేను చదువుకున్న రోజుల నుంచీ ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాయడం, పేరు పక్కన ఎస్సీ, బీసీ అని వేయడం మామూలు. స్కాలర్‌షిప్పుల లెక్కకు సులువని చెప్పేవారు. రోజూ పొద్దున పిల్లవాడు తన పేరు పక్కన ఆ రెండక్షరాలు చూస్తూ "ప్రెజెంట్ సార్" అనాలి. ఆ పద్ధతి మానేయమని కొన్నేళ్ళ క్రితం మన పాఠశాల విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వు. ఎర్ర సిరా పోయింది. అలవాటైన చేతులు పెన్సిలుతో చిన్నగా పెట్టుకున్న గుర్తులు మాత్రం తర్వాత కూడా నా కంటపడ్డాయి.

యానాది పిల్లల విషయంలో కులం కంటే కాగితం ఎక్కువ అడ్డం పడేది. పుట్టిన తేదీ పత్రం లేదని చేర్చుకోవడం మానకూడదని పద్నాలుగో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. కానీ పిల్లవాడి పేరు ఆన్‌లైన్లో ఎక్కాలంటే ఆధార్ నంబరు కావాలి. ఆధార్ లేదు, ఎందుకంటే పుట్టిన పత్రం లేదు. చట్టం చేర్చుకోమంటుంది, కంప్యూటర్ ఒప్పుకోదు. ఆన్‌లైన్లో లేని పిల్లవాడికి పుస్తకాలు రావు, యూనిఫారం రాదు, బియ్యం లెక్కలోకి రాడు. చేపల గుంటల మీద కాపలాకు పోయే ఆ తల్లిదండ్రులు రెండుసార్లు తిరిగి మూడోసారి రారు. ఇందులో ఎవరిదీ దురుద్దేశం కాదు, అయినా బయట నిలబడ్డది మాత్రం ఎప్పుడూ ఆ పిల్లలే. ముందు మాన్యువల్ రిజిస్టరులో ఎక్కించండి, నా పూచీ అని సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. కొందరు హెడ్మాస్టర్లు ఎక్కించేవారు, కొందరు నా సంతకాన్ని కూడా ఫైల్లో పెట్టుకునేవారు.

కాళ్ళు సరిగా లేని పాప విషయం ఒక ప్రైవేటు బడిలో వచ్చింది. "మీ మంచికే చెబుతున్నామమ్మా, మా దగ్గర అంతా మెట్లు, భవిత కేంద్రానికి తీసుకెళ్ళండి" అని తల్లిని పంపించేశారు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు మంచివే. ఫిజియోథెరపీ ఉంటుంది, ప్రత్యేక టీచర్లు ఉంటారు. కానీ ఆ పాపకు చదువులో ఏ లోటూ లేదు, లోటల్లా మెట్లు ఎక్కలేకపోవడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పదహారో సెక్షన్ ప్రకారం గుర్తింపు ఉన్న బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లకు అవసరమైన తగు ఏర్పాటు చేయాలి. ప్రిన్సిపాల్‌గారితో నా సంభాషణ చిన్నది.

"ఒక్క పాప కోసం లిఫ్టు పెట్టించమంటారా సార్?"

"లిఫ్టు వద్దు. ఆ తరగతిని కింది గదిలోకి దింపండి."

"ఒక్కరి కోసం క్లాసంతా దింపాలా?"

"అవునండీ, ఒక్కరి కోసమే."

దింపారు. వచ్చే ఏడాది పై తరగతిని కూడా దింపాలి గనక ఏటా ఆ తల్లి జూన్ నెలలో వచ్చి నన్ను కలిసేది. ఆమె అలా ఏటా రావలసి రావడం నాకు నచ్చేది కాదు.

ఇరవై అయిదు శాతం సీట్ల గురించి కూడా రాయాలి. విద్యాహక్కు చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల, వెనకబాటుకు గురైన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న అది చెల్లుతుందని చెప్పింది. మన దగ్గర సీట్లు నిజంగా నిండడం 2022-23 నుంచే మొదలైంది. అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6. ఇందులో హెచ్‌ఐవీ బాధిత పిల్లల కింద సీటు అడగడానికి నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? సీటు కావాలంటే కాగితం చూపించాలి, కాగితం చూపిస్తే ఊరందరికీ తెలుస్తుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ఆ పిల్లల మీద బడిలో వివక్ష కూడదంటుంది, వాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మా ఆఫీసు బీరువాకు తాళం సరిగా పడేది కాదు.

చేరిన పిల్లలకు బడుల్లో కొత్త పేరు పడింది, "ఆర్టీఈ పిల్లలు". వాళ్ళను విడి సెక్షన్లో పెట్టడం గానీ, విడి వేళల్లో తరగతులు నడపడం గానీ చేయకూడదని మాదిరి నియమాల్లోనే ఉంది. అది తెలిసిన బడులు ఒకే గదిలో కూర్చోబెట్టి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులు మాత్రం రెండు పెట్టాయి. ఒకదాంట్లో విహారయాత్ర కబురు వచ్చేది, రెండోదాంట్లో వచ్చేది కాదు. ఒక కూలీ తండ్రి తన ఫోనూ పక్కింటివాళ్ళ ఫోనూ రెండూ తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. విచారణలో అంతకంటే మంచి సాక్ష్యం నేను చూడలేదు.

విచారణ ఎలా చేయాలో మాకు ఎవరూ నేర్పలేదు. నేను నేర్చుకున్నది ఇది. టీచరు ఎదుట పిల్లల వాంగ్మూలం తీసుకోవద్దు. బడిలోనే తీసుకోవద్దు. సాయంత్రం ఇంటికి వెళ్ళాలి, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లలో ఒక మహిళను వెంట తీసుకెళ్ళాలి, తల్లి పక్కన ఉండాలి. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయాలి, దాన్ని ఆఫీసు భాషలోకి దిద్దకూడదు. "మా నీళ్ళు తాగరు" అని పిల్ల చెబితే "తాగునీటి విషయమై అపోహలు కలవు" అని రాసే గుమాస్తాలు ఉన్నారు. అన్నిటికంటే ముందు తరగతి గది బొమ్మ గీయాలి, ఏ బల్ల మీద ఎవరు కూర్చున్నారో పేర్లు వేయాలి, తేదీ, వేళ వేయాలి. మాటలు మారతాయి, బొమ్మ మారదు. ఆ బొమ్మ జతచేసిన రిపోర్టుల మీద జిల్లా నుంచి ఫోను వచ్చేది. "కొంచెం చూసి రాయండి సార్, రేపు పేపర్లో వస్తుంది." చూసే రాశానండి అని చెప్పేవాణ్ణి. ఆ మాటల వల్ల నా బదిలీలు కొన్ని తొందరగా జరిగాయేమో, నిరూపించలేను.

ఇంత చేసి రిపోర్టు పంపాక ఏం జరగాలి? నా ఫిర్యాదంతా ఇక్కడే. బడిలో చేర్చుకోవడానికి పిల్లవాడికి పరీక్షో ఇంటర్వ్యూనో పెడితే విద్యాహక్కు చట్టం మొదటిసారి 25,000 రూపాయలు, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా వేస్తుంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష, ఆపైన రోజుకు 10,000 దాకా. కొడితే, మానసికంగా వేధిస్తే పదిహేడో సెక్షన్ కింద శాఖాపరమైన చర్య. అదే పిల్లవాణ్ణి చేర్చుకుని, ఏడాది పొడుగునా వేరే మూల కూర్చోబెట్టి, దొడ్లు కడిగిస్తే ఆ చట్టంలో శిక్ష అంటూ లేదు. ప్రభుత్వం "చూడాలి", స్థానిక సంస్థ "చూడాలి". అందరూ చూడాల్సిన దాన్ని ఎవరు చూస్తారు?

శిక్ష కావాలంటే బడి దాటి పోలీస్ స్టేషనుకు పోవాలి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయిదో సెక్షన్, అంటరానితనం కారణంగా విద్యాసంస్థలో చేర్చుకోకపోవడాన్నే కాదు, చేర్చుకున్నాక వివక్ష చూపడాన్ని కూడా నేరమంటుంది. నెల నుంచి ఆర్నెల్ల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. దాన్ని వాడిన కేసు నా సర్వీసులో నేను చూడలేదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, 2015 సవరణతో బలపడింది, పదిమందిలో కులం పేరుతో అవమానిస్తే అందులోకి వస్తుంది. అది గట్టి చట్టం. తీవ్రమైన సంగతుల్లో అది తప్ప దారి లేదు, నేనే ఆ దారి చూపించిన సందర్భాలున్నాయి. కానీ బల్లలు వేరు చేశాడని టీచరు మీద అట్రాసిటీ కేసు పెట్టడానికి ఆ ఊళ్ళోనే కూలికి పోయే తండ్రి సిద్ధపడడు. పెద్దమనుషులు రాజీ చేస్తారు, పిల్లవాడు టీసీ తీసుకుని పక్కూరు పోతాడు. ఒక పక్క జైలు, ఒక పక్క ఏమీ లేకపోవడం. నడుమ ఏదో ఒకటి ఉండాలి. జిల్లా స్థాయిలో గడువు పెట్టి విచారించే అధికారి, రిపోర్టు నకలు తల్లిదండ్రులకు ఇవ్వాలన్న నియమం, రుజువైతే బడికి జరిమానా, హెడ్మాస్టరుకు ఇంక్రిమెంటు కోత. ఇంటర్వ్యూకు జరిమానా వేయగలిగిన చట్టానికి ఇది చేతకాని పనేం కాదు. ఒక్క సవరణ చాలు.

అది వచ్చేదాకా, తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటుంది. విద్యాహక్కు చట్టం ముప్పై రెండో సెక్షన్ కింద మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే, లేదా తేల్చింది మీకు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్ళవచ్చు. సోమవారం కలెక్టరాఫీసులో ఇవ్వండి, ఎంఈఓ ఆఫీసులో ఇవ్వండి, ఎక్కడిచ్చినా ఏ రోజు, ఏ గదిలో, ఎవరు, ఏమన్నారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్నవి రాయండి. నోటితో చెప్పి రావద్దు. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. మీ ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకున్నాకే అక్కణ్ణుంచి కదలండి.